చీటీల డబ్బా

తిరుపతిలో ఏ కాలనీ సంఘానికైనా 'టీనేజీ పిల్లల్ని ఒకచోట కలపాలి, మనసులో బాధ ఒకరికొకరు చెప్పుకోవాలి' అనే బుద్ధి పుట్టిందంటే, మొదటి ఫోను షామియానా అంగడికే పోతుంది. యాభై కుర్చీలు, రెండు సౌండు బాక్సులు, ఒక మైకు, మూడు శాలువలు. పిల్లల సంగతి ఆనక.

టైము ఆదివారం పొద్దున పది. ఇంటర్ పిల్లల్లో సగం మంది అప్పటికి కోచింగ్ టెస్టులో ఉంటారు, మిగతా సగం దుప్పట్లో. సాయంత్రం ఐదున్నరకు పెడితే ఎండా తగ్గుతుంది, పిల్లలూ వస్తారు. ఏం లాభం, ముఖ్య అతిథికి సాయంత్రం ఇంకో చోట శాలువ ఉంది.

మైకు కుయ్యిమంటుంది. బాక్సులు మైకు వెనకుంటాయి మరి. బాక్సులోంచి వచ్చిన గొంతు మళ్లీ మైకులో దూరి, మళ్లీ బాక్సెక్కి గోల చేస్తుంది. బాక్సులను మైకు కంటే ముందుకు జరిపి జనం వైపు తిప్పితే సరిపోయె. ఎవరూ జరపరు. 'చెక్, చెక్' అని మాత్రం ముగ్గురు అంటారు.

వరసల్లో కూర్చున్న పిల్లలకు కనిపించేది ముందువాడి మెడ. మెడతో ఏం మాట్లాడతారు? ఎనిమిది, పది మంది చొప్పున గుండ్రంగా కూర్చోబెట్టాలి. 13-15 ఏళ్లవాళ్లు ఒకచోట, 16-19 వాళ్లు ఇంకోచోట. అమ్మానాన్నలు కంటికి ఆనని దూరంలో. గంగమ్మ జాతరలో కోక కట్టి, కాటుక పెట్టి వీధంతా తిరిగిన పిల్లోడే, వాళ్లమ్మ వెనక కుర్చీలో ఉందంటే సొంత పేరు చెప్పడానికి మూడుసార్లు గొంతు సవరించుకుంటాడు.

చేతికి పనుంటే నోరు దానంతటదే లేస్తుంది. ముప్పై మందికి కిలోన్నర బొరుగులు, కిలో ఎర్రగడ్డలు, అరకిలో టమోటాలు, పది నిమ్మకాయలు, రెండు కట్టలు కొత్తిమీర ఇచ్చి, కోసుకోండి, కలుపుకోండి అంటే చాలు. ఎర్రగడ్డ తరిగేచోట కళ్లనీళ్లు దేనికని ఎవరూ అడగరు, అదొక సౌకర్యం. మన మహిళా విభాగం మాత్రం 'పిల్లలకెందుకు శ్రమ' అని ఏడింటికే గంగాళంలో అన్నీ కలిపేస్తుంది. టమోటా నీరు పీల్చి, పదిన్నరకల్లా అది ఉగ్గానికి చుట్టమవుతుంది.

అసలు ప్రమాదం చీటీల డబ్బాలో ఉంది. 'పేరు రాయకుండా మీ బాధ రాయండి' అంటారు. ఆలోచన మంచిదే, కానీ దానికి పద్ధతుంది. అందరికీ ఒకే కాగితం, ఒకే రంగు పెన్ను ఇవ్వాలి. బాధ లేనివాళ్లు కూడా ఖాళీ చీటీ వెయ్యాలి, లేకుంటే లేచినవాడే దొరికిపోతాడు. ఆ చీటీలు ఆ పూటే చదవకూడదు. ఇక్కడ జరిగేదేమంటే, ఒకరు ఫిజిక్స్ రికార్డు చింపి రాస్తారు, ఇంకొకరు కాలనీ మొత్తానికి తనొక్కతి దగ్గరే ఉన్న ఆకుపచ్చ మెరుపుల పెన్నుతో. కోశాధికారి కళ్లజోడు తుడుచుకుని, మైకులో: 'మా నాన్న నన్ను పక్కింటోడి మార్కులతో పోల్చకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?'

మూడో వరసలో ఒక నాన్న లేస్తాడు. "రికార్డు కాగితమే గదా అది? మావోడిదే! వాళ్లోడికి 580 వచ్చినాయి సార్, అడిగితే తప్పా?"

పక్కింటోడు, పక్కింటోడి నాన్న, ఇద్దరూ రెండో వరసలోనే ఉంటారు.

తోటి పిల్లలే తోడు నిలవడం కొత్త సంగతేమీ కాదు. టీనేజీ పిల్లల ఆరోగ్యం కోసం 2014లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలోనే ఆ ఏర్పాటుంది. తోడు నిలిచేవాడి పని వినడం, అడ్డుపడకపోవడం, తనవల్ల కాకుంటే పెద్దవాళ్లకు అప్పగించడం. విన్నది బయట పెట్టకూడదు. ఎవరైనా ప్రాణం తీసుకుంటానంటే మాత్రం దాచకూడదు, వెంటనే నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చెయ్యాలి. కానీ పూటలో శిక్షణ ముగించుకొని బ్యాడ్జీ తగిలించుకున్న మన వాలంటీరు మధ్యాహ్నానికల్లా డాక్టరైపోతాడు. 'నీది డిప్రెషన్ మామా' అని నిద్ర చాలనివాడికి కూడా జబ్బు రాసిస్తాడు.

ఒంటిగంటకు అతిథి పోతాడు, కుర్చీలు ఆటో ఎక్కుతాయి. కూర్చునే చోటు లేక పిల్లలు అపార్టుమెంటు మెట్ల మీద చేరతారు. రికార్డు పిల్లోడు, 580 పిల్లోడు, ఆకుపచ్చ పెన్ను పిల్ల, మెత్తబడ్డ బొరుగుల గిన్నె. "మా ఇంట్లో నన్ను నువ్వు గీసే బొమ్మలతో పోలుస్తారు రా," అంటాడు 580, రికార్డు పిల్లోడితో. ఒకరి ఫోనూ జేబులోంచి బయటికి రాదు.

పైనుంచి చూసిన సంఘం అధ్యక్షుడికి కళ్లు చెమరుస్తాయి. గబగబా దిగొచ్చి షామియానా అబ్బాయిని ఆపుతాడు.

"అప్పా, మైకు కట్టేసినావా? ఒక్క నిమిషం విప్పు."