నిఘా విమానాలకు కొత్త కళ్లు మనమే పెట్టుకోవాలి

విశాఖపట్నం బీచ్ రోడ్డులో, కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి ఎదురుగా, టీయూ-142 విమానాన్ని ప్రదర్శనకు ఉంచారు. 1988లో మన నౌకాదళంలో చేరి, 2017 మార్చి 29న అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాలిలో సెలవు తీసుకున్న సోవియట్ నిఘా విమానాల్లో ఇదొకటి. వచ్చినవాళ్లు దాని జంట ప్రొపెల్లర్ల ముందు ఫొటోలు దిగుతుంటారు కానీ, అసలు ఆగి చూడాల్సినవి సోనోబాయ్‌లు. గొట్టంలాంటి ఈ పరికరాన్ని పైనుంచి సముద్రంలోకి జారవిడిస్తే, అది తేలుతూనే, లోతుకు దించిన మైక్రోఫోన్‌తో జలాంతర్గామి చప్పుడు విని రేడియో ద్వారా విమానానికి చేరవేస్తుంది.

ఇలాంటి విమానం మూడు దశాబ్దాలు ఎగరగలదు. దాని చెవులు మాత్రం అంతకాలం పనికిరావు, ఎందుకంటే అవతలి జలాంతర్గాములు ఏటికేడు మరింత నిశ్శబ్దంగా మారుతుంటాయి. అందుకే మధ్యలో సెన్సర్లను మార్చుకునే వీలు ఎవరి చేతుల్లో ఉందన్నది కొనుగోలు ధర కంటే పెద్ద ప్రశ్న. సోవియట్ తయారీ నిఘా విమానాలైన మన ఐఎల్-38లకు ‘సీ డ్రాగన్’ అనే కొత్త సెన్సర్ల వ్యవస్థ అమర్చడానికి వాటిని తిరిగి రష్యాకే పంపాల్సి వచ్చింది. 2023 అక్టోబరులో అవి కూడా విశ్రాంతి తీసుకున్నాయి.

ఇప్పుడు నౌకాదళం దగ్గర అమెరికా తయారుచేసిన 12 పీ-8ఐ సముద్ర నిఘా విమానాలున్నాయి. వీటి తోక చివర పొడుచుకొచ్చినట్టు కనిపించే కడ్డీలో అయస్కాంత క్షేత్రంలోని మార్పును పసిగట్టే పరికరం ఉంటుంది. నీటి కింద ఉక్కు కాయం కదిలితే భూమి అయస్కాంత క్షేత్రంలో కలిగే స్వల్ప తేడాను అది గుర్తిస్తుంది. విమానం తక్కువ ఎత్తులో ఎగిరితేనే అది పనిచేస్తుంది కాబట్టి, ఎత్తు నుంచే వేట సాగించాలనుకున్న అమెరికా తన సొంత రకమైన పీ-8ఏలలో దాన్ని వదిలేసింది. మనవాళ్లు అడిగి పెట్టించుకున్నారు. ఇతర విమానాలతో, నౌకలతో సమాచారం పంచుకునే డేటా లింక్‌ను మన భారత్ ఎలక్ట్రానిక్స్ అందించింది. మన అవసరాన్ని మనం నిర్ణయించుకోగలమనడానికి ఇవి మంచి ఉదాహరణలే అయినా, ప్రధాన రాడార్ మాత్రం అమెరికాదే.

ఆకాశంలోంచి శత్రు విమానాలను ముందే పసిగట్టే మన వాయుసేన విమానం ‘నేత్ర’ కథ వేరు. బ్రెజిల్ ఎంబ్రాయర్ విమానం వీపున మన రాడార్‌ను అమర్చారు. శత్రు రాడార్ల, రేడియోల సంకేతాలను పసిగట్టే వ్యవస్థలు హైదరాబాద్‌లోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల డీఎల్‌ఆర్‌ఎల్‌లో రూపుదిద్దుకున్నాయి. అవతలివారు కొత్త రాడార్ తెచ్చినప్పుడు దాని సంకేతాన్ని మన జాబితాలో చేర్చడానికి పరదేశం అనుమతి అక్కర్లేదు. నా దృష్టిలో ఈ స్వేచ్ఛ విలువ విమానం విలువకు ఏమాత్రం తీసిపోదు. లోపాలూ లేకపోలేదు: నేత్ర రాడార్ రెండు పక్కలా కలిపి 240 డిగ్రీలే చూస్తుంది, ముక్కు ముందూ తోక వెనకా దానికి చీకటే. అయినా అది మన రాడార్ కాబట్టి, ఆ లోటును ఎక్కడ, ఎలా పూడ్చాలో తేల్చుకోవలసింది మన ఇంజినీర్లే. ఎయిరిండియా వాడిన ఏ321 విమానాలపై తర్వాతి తరం రాడార్‌ను అమర్చాలన్న ప్రతిపాదనను నేను సమర్థించేది కూడా ఇందుకే: ప్రయాణికులను మోసిన విమానమైనా ఫర్వాలేదు, రాడారూ దాన్ని నడిపే సాఫ్ట్‌వేరూ మనవైతే.