మహారాజశ్రీ 'ట' గారి సముఖానికి

మహారాజశ్రీ 'ట' గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

"వచ్చాడు" అంటే చెప్పేవాడు కళ్లారా చూశాడని. "వచ్చాడట" అంటే ఎవరో చెప్పగా విన్నాడని. సాక్ష్యానికీ వినికిడికీ మధ్య గోడ కట్టడానికి మన భాషకు మీరొక్క అక్షరం చాలు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడట అని, ఏది చెప్పినా నమ్మేవాణ్ణి వెక్కిరించే సామెతకు సైతం చివర కాపలా కాస్తున్నది మీరే. పుట్టుకతో మీరు నిజాయితీపరులు, ఆ విషయంలో పేచీ లేదు. ఫిర్యాదల్లా మీ హాజరు గురించి.

ఉదాహరణకు ఈ మాట చూడండి. "ఫలానా పొడి రోజుకో చెంచా తింటే మతిమరుపు ముప్పు సగానికి తగ్గుతుందట." మొదటి నోట్లో మీరు డ్యూటీలోనే ఉన్నారు. రెండో నోట్లో అది "తెలిసినవాళ్లే చెప్పారు, సగానికి తగ్గుతుంది" అయింది. మూడో నోట్లో "ఆ పొడి తింటే మతిమరుపు రాదు". అంటే రెండో మజిలీలోనే మీరు చెప్పాపెట్టకుండా దిగిపోయారు. మూడో మజిలీలో "సగం" కూడా దిగిపోయింది. చివరిదాకా ప్రయాణం చేసింది పొడి ఒక్కటే.

మీరు ఎక్కడ జారిపోతారో కనిపెట్టినవాళ్లున్నారు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ హోవ్‌లాండ్, వాల్టర్ వైస్ 1951లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే వ్యాసాన్ని కొందరికి నమ్మదగినవాళ్ల పేరుతో, మరికొందరికి నమ్మదగనివాళ్ల పేరుతో ఇచ్చారు. చదివిన వెంటనే అడిగితే మంచి పేరున్న వ్యాసం వైపే ఎక్కువమంది మొగ్గారు. నాలుగు వారాలాగి అడిగితే ఆ తేడా కాస్తా పోయింది. మాట మనసులో నిలిచింది, చెప్పిందెవరన్నది దాన్నుంచి ఊడిపోయింది. చూశారా, మిమ్మల్ని బండిలోంచి తోసేది పక్కవాడి నోరే కానక్కర్లేదు. వినేవాడి బుర్ర ఒక్కటే కూర్చుని ఆ పని చేయగలదు.

అందుకే మీకు కాగితంమీద హాజరుపట్టీ పెట్టాల్సి వస్తోంది. పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు "ఏమన్నాడు", కుడివైపు "ఎలా తెలుసన్నాడు". గంట ఉపన్యాసం ముగిసేసరికి ఎడమవైపు కిక్కిరిసిపోతుంది. కుడివైపు "నిపుణులు", "విదేశాల్లో", "అందరికీ తెలిసిందే" అని మూడు ముక్కలు చలికి వణుకుతూ ఉంటాయి. వింటున్నంతసేపూ రాసుకోవడమే, తీర్పు తర్వాత. మధ్యలోనే మనసులో జవాబు కూర్చుకోవడం మొదలుపెడితే తర్వాతి రెండు వాక్యాలు చెవిన పడవు, అసలు ఆధారం ఖర్మకాలి ఆ రెండిట్లోనే ఉంటుంది. ప్రశ్న వేసేముందు "మీరన్నది ఇదేనా?" అని ఆయన మాట ఆయనకే ఓసారి వప్పజెప్పాలి. సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి, ఎందుకంటే ఆయన ఆ మాట అననే లేదు.

ఇక మీ చుట్టాల సంగతి. "అని సమాచారం", "తెలుస్తోంది", "విశ్వసనీయవర్గాల భోగట్టా": వీళ్లంతా మీ వంశమే, కాస్త ఇస్త్రీ బట్టలు వేసుకున్నారు. అందరిలోకీ పెద్దాయన "పరిశోధనల్లో తేలింది". మీరు కనిపిస్తే వినేవాడికి పిసరంత అనుమానమైనా వస్తుంది, ఆయన కనిపిస్తే అదీ రాదు. ఆయన్ని కూర్చోబెట్టి అడగాల్సినవి ఉన్నాయి. ఎలుకలమీదా, మనుషులమీదా? ఎంతమంది, ఎన్నాళ్లు? పొడి తినని జట్టు ఒకటి పక్కన ఉందా? జలుబు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని అందరూ నవ్వుకుంటారు గానీ, పోల్చడానికి రెండో జట్టు ఎందుకు కావాలో అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఇంకో చిన్న ప్రశ్న ఉంది, దానికి మాత్రం పెద్దాయన నీళ్లు నములుతాడు: "ఎంతలో?" ముప్పు సగానికి తగ్గిందంటే వెయ్యిమందిలో 400 నుంచి 200కి తగ్గిందా, రెండు నుంచి ఒకటికా? రెండూ సగమే. 1995 అక్టోబరులో బ్రిటన్ మందుల భద్రతా కమిటీ, కొత్తతరం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరించింది. అందులో అబద్ధమేమీ లేదు. 7,000 మందిలో సుమారు ఒకరికి వచ్చేది ఇద్దరికి రావడమే ఆ రెట్టింపు. ఆ "7,000 మందిలో" అన్నది జనం చెవిదాకా చేరలేదు. భయపడి ఎందరో మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు అదనంగా సుమారు 13,000 జరిగాయని అంచనా.

"లక్షలమందిని అడిగాం" అని దబాయించేవాడికి 1936 చాలు. అమెరికా అధ్యక్ష ఎన్నికలకు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటిమందికి కార్డులు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, రూజ్‌వెల్ట్‌మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని తేల్చింది. రూజ్‌వెల్ట్ అప్పటి 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల్లోంచి. పైగా ఓపిగ్గా జవాబు రాసింది నాలుగోవంతు మందే.

మిమ్మల్ని అసలు నమ్మనని మీసం మెలేసేవాళ్ల ఇంట్లోనూ మీరు చల్లగా కాపురం ఉంటున్నారు. పాలకూరలో ఇనుము దండిగా ఉంటుందన్న పేరు దశాంశ బిందువు ఒక స్థానం జరగడంవల్ల వచ్చిందని, లెక్కలు సరిచూసుకోవాలంటే ఈ కథ వినండని 1981 నుంచి శాస్త్రం తెలిసినవాళ్లే చెప్పుకొచ్చారు. 2010లో మైక్ సటన్ అనే పరిశోధకుడు మూలం దాకా తవ్వితే ఆ బిందువు జరిగిన దాఖలా ఏదీ దొరకలేదు. అప్పనమ్మకం వద్దని హెచ్చరించే కథ అప్పనమ్మకంమీదే అన్నేళ్లు బతికిందన్నమాట. అలాగని అన్నిటికీ పెదవి విరిచేవాడు గొప్ప వినికిడి గలవాడేం కాదు. "కంపెనీలు నిజం దాచేశాయట" అన్న అతని మాట తోకన మీరే వేలాడుతుంటారు, అతను చూసుకోడు.

మీరు ప్రతిచోటా అంతే గట్టిగా నిలబడాలని ఎవరూ కోరడం లేదు. "బస్సు ఐదింటికట" అన్నది తప్పైతే అరగంట పోతుంది, పోనివ్వండి. "ఆ మందు మానేసినా ఏమీ కాదట" అన్న వాక్యంలో మాత్రం మీరు కునుకు తీయడానికి వీల్లేదు. ఆ మాట ఎన్ని నోళ్లు మారినా చివరి నోటి దాకా మీరు దిగకుండా ఉండాలని ప్రార్థన.

వీలైతే జవాబు రాయండి. మీ దస్తూరీతో, మీ సంతకంతో, తేదీ వేసి పంపండి. జవాబిచ్చారట అని ఇంకెవరిచేతా చెప్పించకండి.

ఇట్లు,
చెప్పేవాడికి ఎప్పుడూ లోకువైన వినేవాడు