కాంట్రాక్టు ఉద్యోగి చౌక కాదు, అయినా లాభమే

బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో నియామకాలు చూసేవారికి నిద్ర పట్టనివ్వని అంకె ఒకటుంది: 90. పాత కంపెనీని వదలడానికి ఉద్యోగి ఇవ్వాల్సిన నోటీసు గడువు చాలాచోట్ల అన్ని రోజులు. ఆఫర్ అందుకున్న మనిషి ఆ మూడు నెలల్లో అదే కాగితం చూపించి మరో రెండు చోట్ల బేరమాడతాడు. ఆఖరి వారంలో ‘సారీ సార్, ఇంట్లో ఒప్పుకోలేదు’ అంటాడు. మారతహళ్లి పీజీల్లో ఉండే మన కుర్రాళ్లకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్లను తప్పుపట్టను, ఇచ్చిన ఆఫర్లను వెనక్కి తీసుకున్న కంపెనీలూ ఉన్నాయి. కానీ ఆరు నెలల ప్రాజెక్టులో సగం కాలం ఖాళీ కుర్చీని చూస్తూ గడిపే మేనేజరు ఏం చేయాలి? మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీకి ఫోన్ చేస్తాడు. కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి చాలాసార్లు రెండు వారాల్లోపే వచ్చి కూర్చుంటాడు.

కాంట్రాక్టు నియామకంలో అసలు లాభం ఈ వేగమే. బయట ప్రచారంలో ఉన్నది వేరు: కాంట్రాక్టు అంటే చౌక అని. లెక్క వేసి చూద్దాం. నెల జీతం 20,000 అనుకోండి. పీఎఫ్ లెక్కకు తీసుకునే 15,000 మీద యజమాని వాటా 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, వాటా మొత్తం జీతం మీద 3.25 శాతం, 650. చిల్లర ఖర్చులు వదిలేస్తే 22,450. సొంతంగా పెట్టుకున్నా ఇంతే అవుతుంది. ఏజెన్సీ కమీషన్ 8 శాతం అనుకుంటే బిల్లు 24,246కు చేరుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 28,610. వస్తువులు తయారుచేసి పన్ను కట్టి అమ్మే ఫ్యాక్టరీ ఆ జీఎస్టీని తన పన్నులో సర్దుబాటు చేసుకోగలదు. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్న ఆసుపత్రికి ఆ వెసులుబాటు లేదు, మొత్తం నెత్తిన పడుతుంది. ఒకే జీతం ఇచ్చినంతకాలం కాంట్రాక్టు మనిషి ఖరీదైనవాడే.

మరి చౌక ఎక్కడి నుంచి వస్తోంది? పక్కన అదే యంత్రం మీద నిలబడ్డ పర్మనెంటు కార్మికుడి కన్నా తక్కువ ఇవ్వడం వల్ల. ఒకే రకమైన పని చేసే కాంట్రాక్టు కార్మికుడికి సంస్థ సొంత కార్మికుడితో సమానంగా వేతనం ఇవ్వాలని 1971 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. దాన్ని పక్కన పెట్టి మిగుల్చుకున్న డబ్బును యాజమాన్య నైపుణ్యంగా లెక్కగట్టడం నాకు మింగుడుపడదు.

నిజంగా పనికొచ్చే సందర్భాలు వేరే ఉన్నాయి. 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలు. ఆ స్థానంలో పర్మనెంటు మనిషిని పెడితే తిరిగి వచ్చిన ఉద్యోగిని ఎక్కడ కూర్చోబెడతారు? ఆరు నెలల కాంట్రాక్టు అక్కడ ఇద్దరికీ న్యాయం. హోస్కోటె, నెలమంగల చుట్టూ ఉన్న ఆన్‌లైన్ అమ్మకాల గోదాములకు దసరా, దీపావళి ముందు చేతులు చాలవు. పండగ దాటాక అంతమందికి పని ఉండదు. పాత అకౌంట్ల వ్యవస్థను కొత్తదానికి మార్చే నిపుణుడూ అంతే: పని ఉన్న ఎనిమిది నెలలు ప్రాణాధారం, తొమ్మిదో నెల నుంచి అతనికీ విసుగే.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులు దాదాపు ఈ గీతే గీశాయి. సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదంటూనే, పని పరిమాణం హఠాత్తుగా పెరిగి గడువులోగా పూర్తిచేయాల్సి వస్తే మినహాయింపు ఇచ్చాయి. నియమం బాగుంది. అయితే కాంట్రాక్టు నిబంధనలు వర్తించే హద్దును 20 మంది నుంచి 50కి పెంచడంతో, రక్షణ ఎక్కువ అవసరమైన చిన్న షెడ్లు చాలావరకు ఆ నిబంధనల పరిధి దాటిపోయాయి. నిర్ణీత కాలానికి నేరుగా నియమించుకునే పద్ధతిలో మాత్రం ఏడాది పనిచేస్తే చాలు, గ్రాట్యుటీ వస్తుంది. ఏజెన్సీ కమీషన్ కట్టే సంస్థలు ముందు ఈ దారి చూడాలన్నది నా అభిప్రాయం.

ఏజెన్సీకి పని అప్పగించవచ్చు, బాధ్యతను అప్పగించలేం. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే, అంటే పని చేయించుకున్న సంస్థే, చెల్లించాలన్న నియమం 1970 చట్టం నుంచీ ఉంది. బెంగళూరుకు గంటన్నర దూరంలోని నరసాపురలో 2020 డిసెంబర్ 12న జరిగింది గుర్తుందా? అప్పట్లో ఐఫోన్లు తయారుచేసిన విస్ట్రాన్ ఫ్యాక్టరీలో జీతాల విషయంలో మండిపడ్డ కార్మికులు విధ్వంసానికి దిగారు. వారిలో అధికులు ఏజెన్సీల ద్వారా చేరినవారే. కొందరికి జీతాలు సరిగా, సమయానికి అందలేదని విస్ట్రాన్ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది, భారత వ్యాపారం చూసే ఉపాధ్యక్షుణ్ని తొలగించింది. ఆపిల్ కొత్త ఆర్డర్లు నిలిపేసింది. ఆపిల్ నిలదీసింది విస్ట్రాన్‌నే. ఏజెన్సీల పేర్లు ఇప్పుడు ఎవరికైనా గుర్తున్నాయా?

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో చిన్న మెషిన్ షాపు నడిపే హిందూపురం మిత్రుడొకరు ఈ కథ నుంచి తనకు కావలసింది తీసుకున్నారు. ఆర్డర్లు పెరిగినప్పుడు ఏజెన్సీ ద్వారా పది, పన్నెండు మందిని తెచ్చుకుంటారు. బిల్లు వచ్చిన రోజు డబ్బు పంపరు. ముందు పీఎఫ్ చలానా అడుగుతారు, అందులో తన షాపులో పనిచేసినవారి పేర్లున్నాయో లేదో వేలు పెట్టి చూసుకుంటారు. ఒకసారి రెండు పేర్లు లేవు. బిల్లు ఆగింది. నాలుగో రోజుకు కొత్త చలానా వచ్చింది.