ఆకిలికి ముందు నీడ, తర్వాతే రంగు

కల్వకుర్తిలో మా ఇంటి ముందు ఆకిలి 22 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. ఇల్లు కట్టిన ఏడాదే దాన్ని అంచు నుంచి అంచు దాకా సిమెంటు గచ్చు చేయించాం. దుమ్ముండదు, బురదుండదు, ఊడ్చుకోవడం తేలిక అనుకున్నాం. మొదటి ఎండాకాలానికే పొరపాటు తెలిసొచ్చింది. పొద్దున పది దాటితే చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. పొద్దు గూకాక మంచం వేసుకుందామంటే కింది నుంచి సెగ. వానలు మొదలయ్యాక రెండో పొరపాటు బయటపడింది. వాలు ఇంటి దిక్కే ఉంది. గట్టి వాన పడ్డ ప్రతిసారీ అమ్మ గడపకు గోనెసంచి అడ్డం పెట్టి, చీపురు పట్టుకుని నీళ్లను గేటు బయటికి తోసేది.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే రాసే పనే లేదు. జడ్చర్ల, భూత్పూర్ దాటి వెళ్లినా, ఇటు చౌటుప్పల్, నార్కట్‌పల్లి దిక్కు వెళ్లినా, కొత్త ఇళ్ల ముందు కనిపించేది ఎక్కువగా ఇదే. ప్రహరీ గోడ లోపల పిడికెడు మట్టి ఉండదు. నిగనిగలాడే టైల్స్ ఉంటాయి, గేటు పక్కన రెండు ప్లాస్టిక్ కుండీలుంటాయి. 'తక్కువ ఖర్చులో మీ ఇంటి ముందు భాగాన్ని మార్చేయండి' అంటూ ఫోన్లలో తిరిగే వీడియోలు ఆ టైల్స్ మీద ప్లాస్టిక్ పచ్చిక పరవమంటున్నాయి, దండలుగా దీపాలు వేలాడదీయమంటున్నాయి. ఆ సలహాలు మరో వాతావరణంలో పుట్టినవి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత చెప్పుకునే నేల మనది. ఇక్కడ ప్లాస్టిక్ పచ్చిక ఎండకు నేల కన్నా ఎక్కువ కాగుతుంది, పసిపిల్లల కాళ్లు బొబ్బలెక్కుతాయి. చల్లబరచాలంటే రోజూ నీళ్లు కొట్టాలి. ఆ నీళ్లతో నాలుగు చెట్లు బతుకుతాయి.

డబ్బు తక్కువ ఉండటం అసలు ఇబ్బంది కాదని నా అభిప్రాయం. వరస తప్పుతున్నాం. మన దగ్గర ఆకిలికి మొదట కావాల్సింది నీడ. రెండోది నీళ్లు ఇంకే నేల. రంగులు, దీపాలు, కుర్చీలు ఆ తర్వాత. ఈ వరసలో పని చేస్తే చాలా తక్కువలో అయిపోతుంది. తలకిందులు చేస్తే ఎంత పోసినా ఏడాదికోసారి మళ్లీ పోయాల్సిందే.

ఇంకో మాట. మన ఆకిలి కూర్చుని చూసుకునే చోటు మాత్రమే అనుకుంటే లెక్క తప్పుతుంది. అది పని జరిగే చోటు. మిరపకాయలు, కందులు, వడియాలు ఎండేది అక్కడే. పల్లికాయ వలిచేది, మంచం నులక బిగించేది, పెళ్లికి పొయ్యి పెట్టేది అక్కడే. నున్నటి టైల్ మీద ఈ పనులేవీ సరిగా సాగవు. పైగా తడిస్తే జారుతుంది. మా బంధువుల ఇంట్లో ఓ పెద్దావిడ పొద్దున్నే అలుకు చల్లబోయి టైల్ మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఏడాదిగా ఆమె ఆకిట్లోకి రావడమే మానేసింది. ఇంటి ముందు పరిచే ప్రతి రాయీ ఆ వయసు మనిషి తడి కాలితో నడిచేలా ఉండాలి. నాకు ఇంతకు మించిన కొలత లేదు.

మా ఆకిలిని మార్చింది మా బావ. పాతికేళ్లుగా బొంబాయి, పుణెల్లో మేస్త్రీ పని చేసే పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) మనిషి. ఉగాదికి వచ్చి గచ్చు మీద నిలబడి, నా దిక్కు చూసి అన్నాడు: "ఏం బామ్మర్దీ, గచ్చంత నున్నగ కొట్టిచ్చినవ్ మంచిగుంది. మరి నీళ్లు యాడికి పోవాలె?" నా దగ్గర జవాబు లేదు.

సొంత చేతులతో ఇల్లు బాగుచేసుకోవడాన్ని ఇప్పుడు కొత్త అలవాటులా చెబుతున్నారు. పాలమూరుకు అది కొత్తేమీ కాదు. దేశం నలుమూలలా ప్రాజెక్టులు, కాలువలు, అపార్టుమెంట్లు కట్టిన చేతులు ఈ జిల్లావి. తాపీ, గుండుతాడు, రసమట్టం పట్టిన మనిషి మన వాడకట్టులో ఎవరో ఒకరు ఉంటారు. ఊరూరా తిరిగి పరాయి ఇళ్లను తీర్చిదిద్దిన ఆ నైపుణ్యం సొంత ఆకిలి దాకా వచ్చేసరికి చిన్నబోతుండటం నాకు బాధగా ఉంటుంది. టైల్ దుకాణం చెప్పిన మాటకు మనం ఇచ్చే విలువ, మన మేస్త్రీ చెప్పిన మాటకు ఇవ్వడం లేదు.

పని నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు సమ్మెటతో గచ్చు పగలగొట్టాం. ఆ పెళ్లలు బయట పారేయలేదు. ఆకిలి మూలన, ఇంటి గోడల పునాదికి పది అడుగుల ఎడంగా నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు గుంత తవ్వి అడుగున అవే వేశాం. వాటి పైన 40 ఎంఎం కంకర, ఆ పైన 20 ఎంఎం, చివర దొడ్డు ఇసుక. ఇంకుడు గుంత అంతే. లెక్క చూడండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. మా ఆకిలి 28 చదరపు మీటర్ల పైచిలుకు, డాబా 55. ఒక పూట 25 మిల్లీమీటర్ల వాన పడితే రెండింటి మీదా కలిపి రెండు వేల లీటర్లు దాటుతుంది. మొన్నటిదాకా అదంతా రోడ్డు మీదికి పోయేది. గుంతలో ఒకసారికి తొమ్మిది వందల లీటర్ల దాకా నిలుస్తుంది. మిగతాది నిలుస్తూ ఇంకుతూ పోతుంది. ఇంకుడు గుంతల మాట 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలోనే ఉంది. గచ్చు కొట్టించేటప్పుడు మాకెవరికీ అది గుర్తు రాలేదు.

రెండో రోజు బండలు. ఊళ్లో ఓ పాత ఇల్లు విప్పుతుంటే రెండడుగుల చదరపు తాండూరు బండలు నలభై దాకా చవగ్గా దొరికాయి. ఇళ్లలో బండలు తీసి టైల్స్ వేసుకునే కాలం ఇది, అడిగితే దొరుకుతాయి. బావ పరిచిన తీరు దగ్గరుండి చూశాను. నాలుగంగుళాలు తవ్వి, తడిపి, దిమ్మిస కొట్టాడు. పైన రెండంగుళాల మందాన క్రషర్ డస్టు (రాతి పొడి) పరిచి చెక్కతో సాపు చేశాడు. సిమెంటు చెంచాడు కూడా కలపలేదు. బండ దించాక మధ్యలో కాదు, నాలుగు మూలలా కట్టె సుత్తితో తట్టాడు. చెవి బండ దగ్గర పెట్టి విన్నాడు. బోలు శబ్దం వస్తే బండ లేపి ఆ మూల కింద పిడికెడు డస్టు వేశాడు. బండకూ బండకూ నడుమ రెండు వేళ్ల సందు వదిలాడు. నీళ్లు దిగేది ఆ సందులోంచే. పది అడుగులకు రెండున్నర అంగుళాల వాలు, ఈసారి గుంత దిక్కు. తాండూరు బండ సున్నపురాయి కాబట్టి కడిగేటప్పుడు బాత్రూం యాసిడ్ పోయకూడదు. పొంగి, పైపొర కరిగిపోతుంది.

బండలు సగం ఆకిలికే వేశాం. మిగతా సగంలో మొరం, గోడ వెంట రెండడుగుల మట్టి. మూడో రోజు నీడ పని. ఎనిమిది అడుగుల రాతి కడీలు నాలుగు, రెండడుగులు భూమిలోకి దించి, పైన బైండింగ్ తీగ అల్లి నర్సరీల వాళ్లు కట్టే పచ్చ నెట్ కట్టాం. ఎండను సగం ఆపే రకం చాలు. ఆ నెట్ మూడు నాలుగేళ్ల ముచ్చటే, నాకు తెలుసు. మృగశిర వానలకు విత్తిన ఆనప తీగ రెండు నెలల్లో పందిరి కమ్మేస్తుంది, వెనక చిక్కుడు అందుకుంటుంది. పడమటి గోడ పక్కన మునగ ఒక్క ఏడాదిలో తలెత్తు దాటుతుంది. వేప నీడ ఇవ్వడానికి ఐదారేళ్లు కావాలి. అందాకా నెట్, తీగ, మునగ ఒకదాని తర్వాత ఒకటి కాపలా కాయాలి.

నాలుగో రోజు సున్నం. రాత్రంతా నానబెట్టిన సున్నంలో కాస్త జిగురు కలిపి డాబాకూ, పడమటి గోడకూ రెండు పూతలు వేశాం. అరుగు అంచుకు ఎర్ర జాజు. డాబాకు తెల్లటి పూత వేస్తే కింది గది చల్లబడుతుందని మన పెద్దలకు తెలుసు. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్నదీ అదే సూత్రం. అన్నీ కలిపి మాకైన ఖర్చు తొమ్మిది వేలు దాటలేదు. బావ కూలి తీసుకోలేదు కాబట్టి ఆ లెక్క అందరికీ సరిపోదు, నాలుగు రోజుల మేస్త్రీ కూలి కలుపుకోండి.

పాత చెక్క ప్యాలెట్లతో బల్లలు చేయమని చాలామంది చెబుతారు. చేయొచ్చు, కానీ చెక్క మీది ముద్ర చూడాలి. 'హెచ్‌టీ' అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ మందు పట్టించినది, అది ఇంటికి తేవద్దు. ఏ చెక్కనైనా నేరుగా మట్టి మీద పెట్టొద్దు. మన నేలలో చెదలు ఎంత బలమైనవో చూడాలంటే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చాలు. సుమారు ఏడు వందల ఏళ్ల ఆ మర్రికి 2018లో సెలైన్ సీసాలు కట్టి కొమ్మ కొమ్మకూ చెదల మందు ఎక్కించాల్సి వచ్చింది. కూర్చోవడానికి రాతి బండ, రెండు ఇటుక దిమ్మెలు చాలు. తరతరాలు ఉంటాయి.

మొక్కల దగ్గర ముందు నీళ్ల సంగతి చూడాలి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత గోస పెట్టిందో అందరికీ తెలుసు. నల్లా నీళ్లు వచ్చాక తాగే బాధ తగ్గినా, మొక్కలకు చాలాచోట్ల ఇప్పటికీ బోరు నీళ్లే. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటివి ఫ్లోరైడ్‌కు తట్టుకోలేవు, ఆకుల చివర్లు మాడతాయి. ఎరువు తక్కువైందేమోనని జనం మళ్లీ మళ్లీ ఎరువు కొంటారు. గన్నేరు, నందివర్ధనం, కాగితం పూలు, కల్యామాకు పెట్టుకుంటే ఆ ఖర్చే ఉండదు. కుండీల్లోకి రెండు పాళ్లు చెలక మట్టి, ఒక పాలు మాగిన పెంట ఎరువు చాలు. పైన మందంగా ఏదైనా కప్పాలి: మిర్యాలగూడ దిక్కు వాళ్లకు మిల్లుల ఊక, మా దిక్కు పల్లికాయ పొట్టు. దాంతో తడి నిలుస్తుంది. మొక్క పక్కన పూత పూయని మట్టి కుండ మెడ దాకా పాతి నీళ్లు నింపి మూత పెడితే, అది చెమర్చినంత వేళ్లు తాగుతాయి. మూత మరిస్తే దోమలు.

ఇక ప్రభుత్వం సంగతి. ఇందిరమ్మ ఇళ్లకు ఇచ్చే ఐదు లక్షలు నాలుగు విడతల్లో వస్తాయి: బేస్‌మెంట్‌కు, గోడలకు, స్లాబుకు, చివరగా ఇల్లు పూర్తయ్యాక. నాలుగు విడతలూ గోడల లోపలికే పోతాయి. అప్పు చేసి ఇల్లు పూర్తి చేసిన మనిషికి ఆకిలి గురించి ఆలోచించే ఓపిక ఉండదు, మిగిలిన నాలుగు సిమెంటు సంచులతో గచ్చు కొట్టేస్తాడు. చివరి బిల్లు ఇచ్చే ముందు ఇంకుడు గుంత, ఒక నీడ చెట్టు చూడమని నిబంధన పెట్టాలి, గుంత కూలి ఉపాధి పనుల కింద ఇవ్వాలి. గుంతలు అలా తవ్వించిన అనుభవం మన పంచాయతీలకు ఉంది. హరితహారం రోజుల్లో ఇంటింటికీ ఆరు మొక్కలిచ్చారు, మంచిదే. గచ్చు కొట్టిన ఆకిట్లో వాటిని ఎక్కడ నాటాలో మాత్రం ఎవరూ అడగలేదు.

మా గల్లీలో ఇప్పటికి రెండిళ్ల వాళ్లు బావ నంబరు అడిగి తీసుకున్నారు. దసరాకు వస్తానన్నాడు. అప్పటిలోపు ఎవరి పాత బండలు వాళ్లు జమ చేసుకోమన్నాడు, రసమట్టం తను తెస్తాడట.