తపాలా పెట్టె వెనుక మనిషి

మొన్న సంక్రాంతి వేడుకల్లో భోజనాల వరుసలో నిలబడి ఉండగా, మన సంఘంలోకి కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు నా పక్కకు చేరి గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, శనివారం మా యూనివర్సిటీలో ఊరేగింపు ఉంది. నాకూ వెళ్లాలని ఉంది. కానీ ఫొటోలు తీస్తారని అంటున్నారు. వేసవిలో వీసా స్టాంపింగుకు ఇండియా వెళ్లాలి. వెళ్లమంటారా, వద్దంటారా?" నేను నోరు తెరిచేలోపే వరుసలో ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగారు. "మనకెందుకయ్యా ఆ గొడవలు? చదువుకోవడానికి వచ్చావు, చదువుకో" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు, కన్నబిడ్డకు చెప్పినట్టే చెప్పారు. కుర్రాడు తలూపి, పులిహోర వడ్డించుకుని వెళ్లిపోయాడు.

ఆ కుర్రాణ్ణి ఎవరూ బెదిరించలేదు. ఏ అధికారీ పిలిపించలేదు. అయినా ఆగిపోయాడు. మనుషులు ఇలా తమంతట తామే ఆగిపోవాలని అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఒకప్పుడు కాగితం మీద రాసుకుంది. ఆ కాగితం బయటపడిన ఊరు మా ఇంటికి అరగంట దూరంలో ఉంది.

ఫిలడెల్ఫియా శివార్లలో ఉన్న ఆ ఊరి పేరు మీడియా. డెలవేర్ కౌంటీకి కేంద్రం. కోర్టు భవనానికి ఎదురుగా అపార్టుమెంట్లున్న ఒక భవనంలో ఎఫ్‌బీఐకి చిన్న కార్యాలయం ఉండేది. 1971 మార్చి 8 రాత్రి న్యూయార్క్‌లో బాక్సింగ్ పోటీలో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ తలపడుతుంటే దేశమంతా రేడియోలకు అతుక్కుపోయింది. ఆ సందడి చూసుకుని ఎనిమిది మంది మామూలు మనుషులు ఆ కార్యాలయం తలుపు తెరిచి, అక్కడున్న ఫైళ్లన్నీ సూట్‌కేసుల్లో పెట్టుకుని వెళ్లిపోయారు. వాళ్లలో విలియం డేవిడన్ భౌతికశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. జాన్ రేన్స్ మతశాస్త్రం బోధించేవారు. ఆయన భార్య బానీకి అప్పటికి ముగ్గురు చిన్నపిల్లలు. తాళం తీసిన యువకుడు టాక్సీ నడిపేవాడు. కొన్నాళ్ల ముందు బానీ రేన్స్ కాలేజీ విద్యార్థినిలా ఆ కార్యాలయానికి వెళ్లి, ఎఫ్‌బీఐలో ఆడవాళ్లకు ఉద్యోగావకాశాలు ఎలా ఉన్నాయంటూ అధికారిని ప్రశ్నలు అడిగారు. అడుగుతూనే తలుపులెన్ని, అలారం ఉందా, బీరువాలకు తాళాలు వేస్తున్నారా అని చూసుకున్నారు. వేలిముద్రలు పడకుండా మాట్లాడినంతసేపూ చేతి తొడుగులు తీయలేదు. తొడుగులతోనే నోట్సు రాసుకున్నారు. ఆ ధైర్యాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. పట్టుబడితే పిల్లలు ఏమవుతారోనని ఆ దంపతులు ముందే బంధువులతో మాట్లాడి పెట్టుకున్నారు.

ఆ కాగితాలు పత్రికల చేతికి చేరాయి. వాటిలో ఒకటి ఏజెంట్లకు ఇలా చెప్పింది: ప్రభుత్వాన్ని వ్యతిరేకించే వాళ్లను తరచుగా కలిసి ప్రశ్నలు అడగండి, దానివల్ల వాళ్లలో భయం, అనుమానం ఇంకా పెరుగుతాయి, ప్రతి తపాలా పెట్టె వెనుకా ఒక ఎఫ్‌బీఐ మనిషి ఉన్నాడన్న సంగతి వాళ్లకు ఎక్కుతుంది. నేరస్థుణ్ణి పట్టుకోవడం గురించి అందులో ఒక్క ముక్క లేదు. సమీపంలోని స్వార్త్‌మోర్ కాలేజీలో నల్లజాతి విద్యార్థుల సంఘం మీద నివేదికలు వెళ్లేవి. ఫోన్లు కలిపే స్విచ్‌బోర్డు ఉద్యోగి కూడా సమాచారం అందించేవారు. అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుడొకరి కూతురు అక్కడ చదువుతోందని ఆమె మీద కూడా కాగితం తయారైంది.

ఒక కాగితం మూల ఎవరికీ అర్థం కాని ఒక పదం ఉంది: కాయిన్‌టెల్‌ప్రో. కార్ల్ స్టెర్న్ అనే టీవీ విలేఖరి ఆ పదం పట్టుకుని కోర్టుకు వెళ్లి, 1973 చివర్లో దాని గుట్టు సంపాదించారు. 1956 నుంచి 1971 దాకా ఎఫ్‌బీఐ రాజకీయ సంఘాల్లో తగవులు పెట్టడానికి, పరువు తీయడానికి, ఉద్యోగాలు పోగొట్టడానికి నడిపిన రహస్య కార్యక్రమం అది. తర్వాత సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నాయకత్వంలో ఏర్పడిన కమిటీ 1976లో లెక్కలు బయటపెట్టింది. ఎఫ్‌బీఐ ప్రధాన కార్యాలయంలో దేశవాసుల మీద 5 లక్షలకు పైగా నిఘా ఫైళ్లు. గూఢచారి సంస్థ సీఐఏ ఇరవై ఏళ్లలో విప్పి చదివిన ఉత్తరాలు దాదాపు 2.5 లక్షలు. సైనిక నిఘా విభాగం దగ్గర సుమారు లక్షమంది పౌరుల వివరాలు. నల్లజాతి పౌరుల హక్కుల కోసం పనిచేసే ఎన్‌ఏఏసీపీలో కమ్యూనిస్టులు దూరారేమోనని మొదలుపెట్టిన దర్యాప్తు 25 ఏళ్లు సాగింది. ఆ సంస్థ కమ్యూనిస్టులకు దూరంగా ఉంటోందని మొదటి ఏడాదే నివేదిక వచ్చినా ఆపలేదు. మార్టిన్ లూథర్ కింగ్‌కు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించిన కొద్ది వారాలకే, ఎఫ్‌బీఐ వాళ్లు హోటల్ గదుల్లో దొంగతనంగా చేసిన రికార్డింగుతో పాటు ఒక ఆకాశరామన్న ఉత్తరం పంపారు. నీకు మిగిలిన దారి ఒక్కటే అని అందులో ఉంది. ప్రాణం తీసుకోమనే దాని అర్థమని కింగ్ గ్రహించారు. కంచే చేను మేయడమంటే ఇదే.

ఇక్కడ పెద్దలు ఒక మాట అంటారు. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఆ రోజుల్లో నిజంగానే బాంబులు పేలాయి కదా, ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటారు. పేలాయి. మీడియా సంఘటనకు సరిగ్గా వారం ముందు, మార్చి 1న, వెదర్ అండర్‌గ్రౌండ్ అనే తీవ్రవాద బృందం వాళ్లు వాషింగ్టన్‌లో పార్లమెంటు కొలువుండే క్యాపిటల్ భవనంలోనే బాంబు పెట్టారు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో విస్కాన్సిన్ యూనివర్సిటీలో యుద్ధ వ్యతిరేకులమని చెప్పుకున్న వాళ్లు పెట్టిన బాంబుకు రాత్రి పని చేసుకుంటున్న ఒక పరిశోధకుడు చనిపోయాడు. దక్షిణాది రాష్ట్రాల్లో కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా చేసిన హత్యలకు లెక్కే లేదు. ఇలాంటి వాళ్ల మీద నిఘా ఉండి తీరాలి. నేను అడిగేది ఒక్కటే. ఆ విచ్చలవిడి నిఘా వీళ్లనైనా ఆపిందా?

క్లాన్ సంగతే తీసుకోండి. అలబామాలో గ్యారీ థామస్ రో అనే మనిషి క్లాన్‌లో ఉంటూ ఎఫ్‌బీఐకి సమాచారం అందించేవాడు. 1961 మే నెలలో, బస్సుల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టే పద్ధతిని ఎదిరిస్తున్న ఫ్రీడమ్ రైడర్లు బస్సులో బర్మింగ్‌హామ్ వస్తున్నారని, స్టేషన్‌లో వాళ్లను కొట్టడానికి క్లాన్‌కు పావుగంట సమయం ఇస్తామని స్థానిక పోలీసులు ఒప్పుకున్నారని ముందుగానే చెప్పాడు. ఎఫ్‌బీఐ ఆ దాడిని ఆపలేదు. రైడర్లు రక్తాలు కారేలా దెబ్బలు తిన్నారు. కొట్టిన వాళ్లలో రో కూడా ఉన్నాడు. నాలుగేళ్ల తర్వాత నల్లజాతి వాళ్ల ఓటు హక్కు కోసం జరిగిన సెల్మా ఊరేగింపుకు సాయంగా డెట్రాయిట్ నుంచి వచ్చిన వయోలా లియుజో అనే అయిదుగురు పిల్లల తల్లిని, ఆమె కారును వెంబడించి కాల్చి చంపారు. హంతకుల కారులో ఆ ఇన్‌ఫార్మర్ కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ చేసిన పని చనిపోయిన ఆ తల్లి నడవడిక మీద మచ్చ పడేలా పైవాళ్లకు కబుర్లు చేరవేయడం.

అదే బర్మింగ్‌హామ్‌లో 1963 సెప్టెంబరులో చర్చి దగ్గర బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లలను చంపారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకరికి పదకొండు. ఆ మరుసటి ఏడాది ఎఫ్‌బీఐ ఒక నిందితుడి వంటగదిలో రహస్యంగా మైకు పెట్టి మాటలు రికార్డు చేసింది. బాంబు తయారుచేయడానికి కలుసుకున్నామని అతను భార్యతో అనడం ఆ టేపులో ఉంది. ఆ టేపు మూలన పడి ఉంది. 2001లో, అంటే 37 ఏళ్ల తర్వాత, అది జూరీ ముందుకు వచ్చి అతనికి శిక్ష పడింది. ఆ ముప్పై ఏడేళ్లూ ఆ తల్లిదండ్రులు ఎలా బతికారో ఊహించుకోండి. సమాచారం లేక ఆగిన న్యాయం కాదిది. కింగ్ పడకగదికి మైకులు పెట్టడానికి మనుషులు దొరికిన సంస్థకు, ఈ టేపును కోర్టు దాకా మోసుకెళ్లే మనిషి దొరకలేదు.

వెదర్ అండర్‌గ్రౌండ్ కథ ఇంకో రకం. వాళ్ల మీద పెట్టిన ప్రధాన కేసులను 1973లో ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. సాక్ష్యం సేకరించిన పద్ధతులు కోర్టులో చెప్పుకోలేనివి. అంతకు ముందు ఏడాదే సుప్రీంకోర్టు, దేశభద్రత పేరు చెప్పినా సరే, దేశంలోని వాళ్ల ఫోన్లు వినాలంటే జడ్జి అనుమతి ఉండాల్సిందేనని ఏకగ్రీవంగా తేల్చింది. ఆ బృందాన్ని వెతుకుతూ వాళ్ల స్నేహితుల, బంధువుల ఇళ్లలోకి వారంటు లేకుండా మనుషుల్ని పంపినందుకు 1980లో శిక్ష పడింది ఎవరికి? ఎఫ్‌బీఐ ఉన్నతాధికారులు ఇద్దరికి. చట్టం తప్పిన నిఘా అమాయకులను వేధించడంతో ఆగలేదు, బాంబులు పెట్టిన వాళ్లకు తప్పించుకునే దారి కూడా ఇచ్చింది. వారంటు అడగడం నేరస్థుల మీద జాలి అనుకునే వాళ్లకు నేను చూపించే సాక్ష్యం ఇదే.

ఇది పరాయి వాళ్ల చరిత్ర అనుకోకండి. నూరేళ్లకు పూర్వమే మన కనిగిరి ప్రాంతం నుంచి కాలిఫోర్నియాకు చదువుకోవడానికి వచ్చిన దరిశి చెంచయ్య బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు కోసం ప్రవాస భారతీయులు పెట్టిన గదర్ పార్టీలో చేరారు. అప్పటికే కలకత్తా పోలీసుల్లో పనిచేసి వచ్చిన హాప్కిన్సన్ అనే అధికారి కెనడా ఇమ్మిగ్రేషన్ ఉద్యోగిగా ఉంటూ వాంకూవర్ నుంచి కాలిఫోర్నియా దాకా భారతీయ విద్యార్థుల, కూలీల కదలికలను బ్రిటిష్ వాళ్లకు చేరవేస్తూ ఉండేవాడు. ఆనాడు అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా పక్కన కూర్చున్నవాడు ఎవరోనని చూసుకుని మాట్లాడారు.

మనం వెనుక వదిలి వచ్చిన చోట కూడా అంతే. తెలంగాణ పోలీసుల్లో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి ఉన్నది మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి. ఆ విభాగపు పరికరాలతోనే ప్రతిపక్ష నాయకుల, పత్రికల వాళ్ల, వ్యాపారుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని 2024 మార్చిలో హైదరాబాద్‌లో కేసు నమోదైంది. నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ భారతదేశంలో ఈనాటికీ ఫోను వినడానికి అనుమతి ఇచ్చేది హోంశాఖ కార్యదర్శి. దాన్ని సమీక్షించేదీ అధికారుల కమిటీయే. జడ్జి ఎక్కడా కనిపించడు. తీవ్రవాదుల కోసం తెచ్చిన పరికరం పక్కింటి వాడి మీదికి తిరగకుండా ఆపే చెయ్యి ఆ ఏర్పాటులో ఏదీ?

అమెరికాలో ఆ చెయ్యి ఉంది గాని, దానికి పట్టు సడలుతోంది. విదేశాల్లో ఉన్న విదేశీయుల సంభాషణలను విడివిడి వారంట్లు లేకుండా సేకరించడానికి విదేశీ నిఘా చట్టంలో 702 అనే సెక్షను ఉంది. అలాంటి మనిషితో మనం మాట్లాడి ఉంటే మన మాటలూ అందులో చేరతాయి. 2020లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగిన తర్వాత జరిగిన ఆందోళనల్లో అరెస్టయిన 133 మంది పేర్లతో ఎఫ్‌బీఐ ఆ నిల్వలో వెతికింది. 2021 జనవరి 6న క్యాపిటల్ మీదికి వెళ్లిన వాళ్ల కోసమూ వెతికింది. ఒక కాంగ్రెస్ అభ్యర్థికి చందాలిచ్చిన 19,000 మంది పేర్లతోనూ వెతికింది. ఇవన్నీ నిబంధనలకు విరుద్ధంగా సాగిన వెతుకులాటలని ఈ నిఘాను పర్యవేక్షించే రహస్య న్యాయస్థానం తీర్పులోనే ఉంది. ఒక పక్షం వాళ్లకు జరిగితే సంతోషించి, మన పక్షానికి జరిగినప్పుడు ఏడవడం కుదరదు. 2024 ఏప్రిల్‌లో, అలా వెతకాలంటే ముందుగా వారంటు తీసుకోవాలన్న సవరణకు ప్రతినిధుల సభలో 212 ఓట్లు అనుకూలంగా, 212 ఓట్లు వ్యతిరేకంగా పడ్డాయి. ఓట్లు సమానం కావడంతో వీగిపోయింది. మన ప్రతినిధికి మనం చేయని ఒక్క ఫోను కాల్ విలువ అంత.

ఇక వీసాలు. 2019 నుంచి దరఖాస్తులో మన సామాజిక మాధ్యమ ఖాతాల పేర్లు రాయాలి. 2025 జూన్‌లో విద్యార్థి వీసాలకు, డిసెంబరు నుంచి హెచ్-1బి, హెచ్-4 వీసాలకు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలన్నారు. ఆ తర్వాత మన ఇళ్లల్లో ఏం జరిగిందో నాకు తెలుసు, మీకూ తెలుసు. పాత పోస్టులు చెరిపేసుకున్నాం. ఎవరో పంపిన కవితకు లైకు కొట్టడానికి ఆలోచించాం. ఒకరైతే కాలేజీ రోజుల్లో ఏదో సభలో దిగిన ఫొటో గురించి రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేశారు.

"తప్పు చేయనివాడికి భయమెందుకు?" అని మా ఇంట్లోనే ఒకరు అడిగారు. తప్పు చేశావా అన్నది ఎవరు తేలుస్తారన్నదే అసలు ప్రశ్న. జడ్జి తేలిస్తే నేను జవాబు చెప్పుకోగలను. పేరు తెలియని మనిషి, నాకు చూపించని ఫైలులో తేలిస్తే ఏ గుమ్మం ఎక్కాలి? ఎన్‌ఏఏసీపీ ఏ తప్పూ చేయలేదని మొదటి ఏడాదే తెలిసింది. ఫైలు మాత్రం 25 ఏళ్లు బతికింది.

ఆ కుర్రాడికి మర్నాడు ఫోన్ చేశాను. శాంతియుతంగా ఊరేగింపులో నడిచే హక్కును ఈ దేశ రాజ్యాంగం పౌరులకే పరిమితం చేయలేదని చెప్పాను. అయినా స్టాంపింగు కిటికీ దగ్గర ఎవరు ఏం ఆలోచిస్తారో నేను హామీ ఇవ్వలేనని కూడా చెప్పాను. "అంటే మీకూ భయమేనా అన్నా?" అన్నాడు. అవునన్నాను. ఆ మాట ఒప్పుకున్నాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఆ మాటల్లోంచి ఒక ఏర్పాటు పుట్టింది. మార్చి 8, ఆదివారం మధ్యాహ్నం, మీడియా సంఘటనకు 55 ఏళ్లు నిండే రోజున, మన సంఘం తరఫున ఇమ్మిగ్రేషన్ లాయరు ఒకరిని పిలుస్తున్నాం. ఊరేగింపు, వీసా, ఫోను తనిఖీ, ఏజెంటు తలుపు తడితే ఏం చెప్పాలి, ఏం చెప్పక్కర్లేదు, ఏదైనా అడగవచ్చు. 702 సెక్షను గడువు 2026 ఏప్రిల్‌లో తీరుతోంది కాబట్టి, ప్రతినిధుల కార్యాలయాల ఫోను నంబర్లు అక్కడే ఇస్తాం. టీ, పకోడీలు మా ఇంటి నుంచి తెస్తాను. గుమ్మం దగ్గర పేర్లు రాసే పుస్తకం పెట్టడం లేదు. ఫొటోలు తీయం.