ఇరవై ఒక్క పరుగుల వియ్యం

(అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నగరాన్ని ఆనుకొని ఉన్న అరోరాలో ఒక ఇల్లు. 2025 నవంబరు, థాంక్స్‌గివింగ్ సెలవులు. మరునాడు మనవడి అన్నప్రాశన. వంటింట్లో అడుగడుగునా అడ్డం పడుతున్న వియ్యంకులిద్దరినీ ఆడవాళ్ళు భోజనాల బల్ల దగ్గరికి తరిమి, గోంగూర కట్టలు ముందు పడేసి, ఆకు తుంచమని పురమాయించారు. మిల్వాకీ బావగారు పిల్లవాడి తండ్రికి తండ్రి, బ్రూయర్స్ బేస్‌బాల్ జట్టుకు భక్తుడు. డెన్వర్ బావగారు పిల్లవాడి తల్లికి తండ్రి, రాకీస్ జట్టుకు బాధితుడు.)

మిల్వాకీ: బావగారూ, రేపు పిల్లవాడి ముందు పుస్తకం, కలం, బంగారు గొలుసు, కొన్ని డాలర్ల నోట్లు పెడుతున్నారని విని సంతోషించాను. వాటి పక్కన ఊదారంగు టోపీ కూడా ఒకటి సిద్ధం చేశారని మా ఆవిడ చెప్పింది. ఒక్క సీజనులో 119 ఆటలు ఓడిన జట్టు టోపీని శుభకార్యంలో పెట్టమని ఏ శాస్త్రంలో ఉన్నదో సెలవిస్తే నేనూ తెలుసుకుంటాను.

డెన్వర్: అన్నప్రాశన అమ్మమ్మగారింట జరపడం మన ఆచారం కనుక, అమ్మమ్మగారి ఊరి జట్టు టోపీ పెట్టడం దానికి అనుబంధం. అయినా 119 ఓడిన సంగతి గుర్తున్న మీకు, 43 గెలిచిన సంగతి ఎందుకు గుర్తుండదో నాకు అర్థం కాదు.

మిల్వాకీ: గుర్తుండకేమి? ఆ 43లో ఒకటి మే 11న గెలిచారు. దానికి ముందు రోజు జరిగినది లోకమంతటికీ గుర్తున్నది.

డెన్వర్: వచ్చారా మే 10వ తేదీకి! మీరు ఏ మాట మొదలుపెట్టినా, అది పెరుగు తోడుపెట్టడం గురించి అయినా సరే, నాలుగో వాక్యానికల్లా శాన్ డియేగో పాడ్రెస్ దగ్గరికి చేరుకుంటారు.

మిల్వాకీ: చేరుకోక ఏమి చెయ్యమంటారు? మీ సొంత మైదానంలో, మీ సొంత జనం ఎదుట, ఇరవై ఒకటి సున్నా! అవతలి పిచర్ స్టీఫెన్ కోలెక్ తొమ్మిది ఇన్నింగ్సులూ తానొక్కడే బంతులు వేసి, మిగిలిన పిచర్లకు విశ్రాంతి ఇచ్చాడు. మరునాడు మీరు తొమ్మిది మూడుతో గెలిచి, గెలిచిన కొద్ది గంటలకే మేనేజరు బడ్ బ్లాక్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. గెలిచినందుకు మేనేజరును ఇంటికి పంపిన జట్టును నేను ఇంతవరకు చూడలేదు.

డెన్వర్: అందులోని మర్యాద మీకు తెలియడం లేదు. ఓడిన రోజున తీసేస్తే కోపం కొద్దీ తీసేశారంటారు, గెలిచిన రోజున తీసేస్తే ఆలోచించి తీసేశారంటారు. అప్పటికి మా లెక్క ఏడు గెలుపులు, ముప్పై మూడు ఓటములు. ఆలోచించడానికి కావలసినంత సరుకు ఉన్నది.

మిల్వాకీ: పరుగుల తేడా మాటేమిటి? మీరు చేసినవి 597, ఇచ్చినవి 1,021. అంటే 424 లోటు. 1932లో బోస్టన్ రెడ్ సాక్స్ మిగిల్చిన 349 లోటును ఇన్నేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు, మీరు దానిని కూడా ఉతికి ఆరేశారు.

డెన్వర్: రికార్డు ఏదైనా రికార్డే. పైగా మా ఊరు సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉన్నది. గాలి పలచన కనుక కొట్టిన బంతి ఇంకా పోతూనే ఉంటుంది, పిచర్ వేసిన బంతి తిరగవలసినంత తిరగదు. ఆ ఎండిన గాలికి బంతులు పాడవకుండా 2002 నుంచి వాటిని తేమగదిలో దాచి వాడుతున్నాము. ఇంత శ్రద్ధ చేస్తున్నా నింద మాకే.

మిల్వాకీ: ఆ పలచని గాలిని పాడ్రెస్ వాళ్ళు కూడా పీల్చారు కదండీ, వాళ్ళకు ప్రత్యేకంగా వేరే గాలి తెప్పించలేదే!

(వంటింట్లోంచి ఒక గొంతు: "అన్నయ్యగారూ, గాలి సంగతి తరువాత, కాడలు ఆకులో పడుతున్నాయి, కాస్త చూసుకోండి.")

డెన్వర్: విన్నారా? మీ గిన్నెలోనే. సరే, ఇక తమరి జట్టు వైభవం కూడా కొంచెం మాట్లాడుకుందాము. మార్చి 29న న్యూయార్క్ యాంకీస్ మైదానంలో ఆట మొదలైంది. మీ పిచర్ నెస్టర్ కోర్టెస్, నిరుటి దాకా ఆ యాంకీస్ ఉప్పు తిన్నవాడే. మొదటి బంతి గోల్డ్‌ష్మిట్‌కు వేశాడు, హోమ్‌రన్, అంటే బంతి ఏకంగా మైదానం అవతలికి. రెండో బంతి బెలింజర్‌కు వేశాడు, హోమ్‌రన్. మూడో బంతి ఆరన్ జడ్జికి వేశాడు, అది కూడా హోమ్‌రన్. మూడు బంతులు, మూడు పరుగులు! ఆట ముగిసేసరికి తొమ్మిది హోమ్‌రన్లు, స్కోరు ఇరవై, తొమ్మిది. ఆ రోజు నేను ఫోను చేస్తే, "స్నానం చేస్తున్నారు" అని చెల్లెమ్మ చెప్పింది. గంట తరువాత చేసినా స్నానమే.

మిల్వాకీ: అది సీజను ఆరంభం. తరువాత మేము 97 ఆటలు గెలిచాము, రెండు లీగుల్లోనూ అన్ని జట్లకంటే ఎక్కువ. ఆగస్టులో వరుసగా పద్నాలుగు. పన్నెండు వరుసగా గెలిస్తే మా ఊళ్ళో జార్జ్ వెబ్ హోటలువాళ్ళు ఊరందరికీ ఉచితంగా బర్గర్లు పంచాలి. 1987లో పంచారు, 2018లో పంచారు, మళ్ళీ మొన్న పంచారు. ఉల్లిపాయ కూడా ముట్టని నేను ఆ వరుసలో నిలబడి, నా వంతు బర్గరును వెనకవాడికి దానం చేసి వచ్చాను.

డెన్వర్: ఆ పుణ్యం అక్టోబరులో ఏమైనదో మరి! లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో నాలుగు ఆటలు ఆడి నాలుగూ ఓడిపోయారు. చేసినవి ఆటకొక పరుగు చొప్పున నాలుగే. చివరి ఆటలో వాళ్ళ ఓతాని తానే బంతులు వేసి పదిమందిని స్ట్రైకౌట్ చేసి, తానే మూడు హోమ్‌రన్లు కొట్టాడు. అదే డాడ్జర్స్‌ను సీజనులో ఆరు ఆటలకు ఆరూ ఓడించామని మీరు నాకు పంపిన సందేశాలను ఇంకా చెరిపివేయలేదు, కావాలంటే చదివి వినిపిస్తాను.

మిల్వాకీ: శుభకార్యానికి పిలిచి ఎత్తిపొడవడం తమరి వంశాచారం కాబోలు.

డెన్వర్: నేను చెప్పవచ్చినది వేరు, బావగారూ. అదే డాడ్జర్స్ జులై 4న, జాతీయ పండుగ నాడు, తమ సొంత మైదానంలో హ్యూస్టన్ చేతిలో పద్దెనిమిది ఒకటితో కొట్టుకుపోయారు. చివరికి ఛాంపియన్లు ఎవరు? వాళ్ళే. ఆఖరి పోరైన వరల్డ్ సిరీస్ ఏడు ఆటల పరుగులు కూడిచూడండి, ఓడిన టొరంటోవి 34, గెలిచిన డాడ్జర్స్‌వి 26. ఈ రోజు మిగిలిన పరుగు రేపు చెల్లదు. ఒక్క పరుగు తేడాతో ఓడినా అదొక ఓటమే, ఇరవై ఒక్క పరుగులతో ఓడినా అదొక ఓటమే. అందువల్ల మే 10వ తేదీని మీరు ఒకసారి అంటే చాలును, ఇరవై ఒక్కసార్లు అనవలసిన పనిలేదు.

మిల్వాకీ: చాలా న్యాయంగా చెప్పారు. ఆ లెక్కన మీరు న్యాయంగా 119 సార్లు అనిపించుకోవలసి ఉంటుంది. నాకేమీ అభ్యంతరం లేదు.

డెన్వర్: (ఆకును గట్టిగా తుంచుతూ) ఆడపిల్ల తండ్రినని అన్నీ పడుతున్నాను.

మిల్వాకీ: ఓటమి మాట అలా ఉంచండి. అటువంటి ఆటను తొమ్మిది ఇన్నింగ్సులూ కూర్చొని చూశామంటే, దానికి తగిన వ్యాఖ్యాత ఉండాలి. బాబ్ యూకర్ ఉంటే ఇరవై ఒకటి సున్నా కూడా నాకు పండుగే. 1971 నుంచి మా జట్టుకు రేడియోలో చెప్పి, ఈ జనవరిలో తొంభయ్యో యేట పోయారు. నేను మిల్వాకీకి వచ్చిన కొత్తల్లో నాకు ఈ ఆటలో ఓనమాలు కూడా రావు, కానీ కారులో రేడియో పెట్టుకొని ఆయన మాటల కోసమే వినేవాణ్ణి.

డెన్వర్: ఆయన ఆటగాడిగా బ్యాటింగు సగటు .200 అని విన్నాను. అయిదు సార్లు బ్యాటు పడితే ఒకసారి హిట్టు.

మిల్వాకీ: అదే ఆయన పెట్టుబడి! తనను తాను ఎగతాళి చేసుకోవడంలో ఆయనను మించినవాడు లేడు. మెలికలు తిరిగే నకల్‌బాల్‌ను పట్టడం ఎలాగని అడిగితే, "అది దొర్లడం ఆగేదాకా ఉండి, అప్పుడు తీసుకోవడమే" అన్నారు. 1964 వరల్డ్ సిరీసులో ఆయనను ఆడించలేదు. ఆటకు ముందు సాధన వేళ, బ్యాండువాళ్ళ ట్యూబా తెచ్చి, ఆ బూరా నోటిలో బంతులు పట్టారు. బీరు ప్రకటనలో ముందు వరుసలో కూర్చోబెడతారని మురిసిపోయి, చివరికి ఎక్కడో పైన కూర్చొని కనబడేవారు. అందుకని మా స్టేడియంలో ఆయనకు బయట ఒక కంచు విగ్రహం, అన్నిటికంటే పైన చివరి వరుసలో మరొక విగ్రహం పెట్టారు. ఆ రెండో విగ్రహం పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు, అక్కడ కూర్చొని నేనూ ఫోటో తీయించుకున్నాను.

డెన్వర్: ఆయన మహానుభావుడే, కాదనను. కానీ నేను మొదట న్యూజెర్సీలో కాపురం పెట్టినవాణ్ణి, నా చెవులు ఫిల్ రిజూటోకు అలవాటు పడినవి. యాంకీస్ ఆట చెబుతూ మధ్యలో అభిమానుల పుట్టినరోజులు చెప్పేవారు, ఎవరో పంపిన కనోలీ మిఠాయిల రుచి చెప్పేవారు. జార్జ్ వాషింగ్టన్ వంతెన మీద రద్దీ పెరగకముందే ఇల్లు చేరాలని ఏడో ఇన్నింగ్సుకే లేచి వెళ్ళిపోయేవారు. స్కోరుబుక్కులో కొన్ని గళ్ళలో "డబ్ల్యూ డబ్ల్యూ" అని వ్రాసుకునేవారు. అదేమి గుర్తని అడిగితే, "వాజంట్ వాచింగ్" అన్నారు, అంటే ఆ ముక్క చూడలేదన్నమాట.

మిల్వాకీ: హరికథలో కథ సన్నగిల్లినప్పుడు హరిదాసు పిట్టకథ ఎత్తుకొని జనాన్ని కూర్చోబెట్టినట్లు, ఆట చచ్చిపోయిన చోటనే వ్యాఖ్యాత బ్రతకాలి. స్కోరు సమంగా ఉన్నప్పుడు ఎవరు చెప్పినా వింటాము. ఏప్రిల్‌లో సిన్సినాటి వాళ్ళు బాల్టిమోర్‌ను ఇరవై నాలుగు రెండుతో చితకగొట్టినప్పుడు, పిచర్లు కాని ఆటగాళ్ళే వచ్చి బంతులు విసిరారు. ఆ వేళ చెప్పేవాడు ఇంకా స్ట్రైకులూ బాల్సూ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే వినేవాడికి నిద్రే గతి.

డెన్వర్: ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను, దయచేసి ఎక్కడా చెప్పకండి.

మిల్వాకీ: చెప్పను. అన్నట్టు, ఆ బీరువా మీద ఉన్న నీలం అట్ట పుస్తకం మీ స్కోరుబుక్కే కదా? నిన్న పిల్లవాణ్ణి ఆడిస్తూ తిరగవేశాను. మే 10వ తేదీ పుటలో అయిదో ఇన్నింగ్సు మొదలు చివరి గడి దాకా వరుసగా "డబ్ల్యూ డబ్ల్యూ" అని వ్రాసి ఉన్నది.

డెన్వర్: (కాసేపు మౌనం) ఆ రోజు పెరట్లో పంపు పాడైనది.

మిల్వాకీ: ఆట ముగిసేదాకా పాడైనదా?

డెన్వర్: మీరు ఆగస్టు 1న ఏమి చేశారో నేను అడిగానా? మా రాకీస్ మీద పిట్స్‌బర్గ్ మొదటి ఇన్నింగ్సులోనే తొమ్మిది పరుగులు చేసింది. "మీ కథ ఇంతే" అని సందేశం పంపి, టీవీ కట్టేసి, వాహ్యాళికి వెళ్ళినవారు తమరు. చివరి ఇన్నింగ్సుకు పన్నెండు పదహారుతో వెనకబడి ఉండి, అయిదు పరుగులు చేసి, బ్రెంటన్ డాయిల్ హోమ్‌రన్‌తో పదిహేడు పదహారుగా గెలిచాము. అటువంటి ఆట మీ బర్గరు వరుసల్లో వెతికినా దొరకదు. మీ స్కోరుబుక్కులో ఆ పుట ఎలా ఉన్నదో చెప్పండి.

మిల్వాకీ: నేను స్కోరుబుక్కు వ్రాయను.

డెన్వర్: సీజనంతా డబ్ల్యూ డబ్ల్యూ అన్నమాట!

(వంటింట్లోంచి మళ్ళీ గొంతు: "మీ రెండు జట్ల టోపీలూ తీసి లోపల పెట్టేశాము. పిల్లవాడి ముందు బేస్‌బాల్ వస్తువు ఏదీ ఉండదు. మీరు గోంగూర కానివ్వండి.")

మిల్వాకీ: (గొంతు తగ్గించి) బావగారూ, టోపీ వద్దన్నారు గాని, మైకు వద్దనలేదు. మొన్న మా అబ్బాయి కరోకేకు కొన్న చిన్న మైకు ఒకటి మేడమీద ఉన్నది. పుస్తకం పక్కన పెడదామా?

డెన్వర్: మంచి ఆలోచన. ఆటగాడైతే ముప్పై అయిదేళ్ళకు ఇంటికి పంపిస్తారు, వ్యాఖ్యాత అయితే మీ యూకర్ లాగా యాభై యేళ్ళు మాట్లాడవచ్చు. జట్టు 119 ఓడినా జీతం ఆగదు.

మిల్వాకీ: అయితే నేను వెళ్ళి తెస్తాను.

డెన్వర్: ఆగండి, ముందు ఒక్క మాట తేల్చండి. మనవడు మైకు పట్టుకుంటే, అది ఏ ఊరి రేడియోకు?