ఎండకాలంలో వేసే స్లాబు, నీడలో పోసే స్లాబు: సీమకు ప్రీకాస్ట్ ఎందుకు కావాలి

ఏప్రిల్‌లో స్లాబు వేసుకున్న ఇంటివాళ్లకు రెండు వారాలు టెన్షనే. అనంతపురంలో మా ఇంటికి మిద్దె వేసినప్పుడు ఇది నాకు బాగా తెలిసొచ్చింది. కాంక్రీటు పోసిన మర్నాడు బేల్దారి మేస్త్రి పైన మళ్లు కట్టి, నీళ్లు నింపి, "మడి ఎండనీయొద్దు సామీ" అని చెప్పి ఇంకో పనికి వెళ్లిపోయాడు. మా వీధి కొళాయికి రోజు విడిచి రోజు నీళ్లు. మూడో రోజు మధ్యాహ్నం మిద్దె ఎక్కి చూస్తే మళ్లలో చుక్క లేదు. తెల్లబడిన కాంక్రీటు మీద వెంట్రుకంత సన్నటి చీలికలు. సాయంత్రానికి ట్యాంకరు తెప్పించి మళ్లీ నింపాను. అయినా ఆ అక్టోబరు వానలకే వంటింటి మూల ఉరవడం మొదలైంది. ఆ మూల చెమ్మ ఇప్పటికీ పోలేదు.

చాలాకాలం మేస్త్రినే తప్పుపట్టాను. తర్వాత లెక్క వేసి చూస్తే విషయం వేరుగా కనిపించింది. కాంక్రీటు ఎండి గట్టిపడదు. సిమెంటు నీళ్లతో కలిసి జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. నీళ్లు అందకపోతే ఆ చర్య మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే ఎండ, వేడిగాలి ఉన్నచోట కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలని కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. ఫ్లైయాష్, అంటే థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిద, కలిసిన సిమెంటైతే 14 రోజులకు పెంచమంటుంది. ఇప్పుడు మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది అదే. వెయ్యి చదరపుటడుగుల స్లాబు మీద రెండంగుళాల నీళ్లు నిలపాలంటే 4,700 లీటర్లు కావాలి. అంటే దాదాపు ఒక ట్యాంకరు. రోజుకు ఒక సెంటీమీటరు ఆవిరైపోయినా 900 లీటర్లకు పైగా మళ్లీ పోయాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో, తాగడానికే బిందెలు వరుసలో పెట్టే నెలల్లో, ఎన్ని ఇళ్ల మీద ఈ నీళ్లు పద్నాలుగు రోజులు నిలుస్తాయి? పైగా కాంక్రీటు కలిపేటప్పుడేమో పోయడానికి సులువుగా ఉండాలని ఒక బకెట్ నీళ్లు ఎక్కువే పోస్తారు. కలిపేటప్పుడు ఎక్కువ, తడిపేటప్పుడు తక్కువ. రెండూ కాంక్రీటుకు చేటే.

ప్రీకాస్ట్ అంటే కాంక్రీటు పలకలను వేరేచోట ముందే పోసి, తెచ్చి అమర్చడం. ఆ మాట అనగానే అందరూ ముందు వేగం గురించే మాట్లాడతారు. నా దృష్టిలో మన కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలకు దాని మొదటి మేలు వేగం కాదు, క్యూరింగ్, అంటే కాంక్రీటును తడి ఆరకుండా ఉంచి గట్టిపరచడం. గోడ పలకలు, స్లాబు పలకలు, మెట్లు, దూలాలు ఫ్యాక్టరీలో ఇనుప అచ్చుల్లో పోస్తారు. నీళ్లు తూచి కలుపుతారు. వైబ్రేటర్‌తో గాలి బుడగలు పోగొడతారు. కప్పుకింద, అవసరమైతే ఆవిరి పెట్టి గట్టిపరుస్తారు. ఆవిరి పెడితే ఒక రోజులోపే అచ్చు విప్పేంత బలం వస్తుంది. ఫ్యాక్టరీకి నీళ్లు అక్కర్లేదని కాదు. కానీ ఒకేచోట వాడే నీటిని పట్టి మళ్లీ వాడుకోవచ్చు. వంద మిద్దెల మీద పోసి ఆవిరి చేసుకునే నీటిని ఎవరూ తిరిగి పట్టలేరు. ఇంకో ముఖ్యమైన సంగతి: బాగా రాని పలకను ఫ్యాక్టరీలోనే పక్కన పెట్టేయొచ్చు. నెత్తిమీదికొచ్చిన స్లాబును పక్కన పెట్టలేం.

ఇది మనకు కొత్తేమీ కాదు. మా అమ్మమ్మవాళ్లది తాడిపత్రి దగ్గర బండల మిద్దె. గనిలో కోసిన బండలు బండి మీద వచ్చాయి. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద బండలు పేర్చారు. సందుల్లో సున్నం కూరి, పైన చవుడు పరిచారు. సెంట్రింగ్ లేదు, మళ్లు లేవు. ఒకచోట తయారైన పలకను తెచ్చి ఇంకోచోట అమర్చడమంటే అదే కదా! కాంక్రీటులోనూ చాలాకాలంగా అదే చేస్తున్నాం. కరెంటు స్తంభాలు, కల్వర్టు పైపులు, మరుగుదొడ్డి గుంతకు దించే సిమెంటు ఒరలు అన్నీ అచ్చులో పోసి తెచ్చినవే. ఈమధ్య ఊరి చివర ప్లాట్ల చుట్టూ కనిపించే రెడీమేడ్ కాంపౌండ్ గోడలూ అంతే. గాడి ఉన్న స్తంభాలు పాతి, పలకలను పైనుంచి జార్చేస్తారు. అంతదాకా వచ్చి ఇంటి దగ్గర ఆగిపోయాం.

పెద్ద ఎత్తున కడితే ఏమవుతుందో చెన్నైలో చూశాం. కొత్త పద్ధతుల్లో ఇళ్లు కట్టి చూపే కేంద్రం లైట్ హౌస్ ప్రాజెక్టు కింద పెరుంబాక్కంలో 1,152 ఇళ్లకు 2021 జనవరి 1న శంకుస్థాపన జరిగింది. ప్రీకాస్ట్‌తో కట్టిన ఆ ఇళ్లను 2022 మే 26న ప్రారంభించారు. పదిహేడు నెలలు కూడా పట్టలేదు.

ఇబ్బందులు లేవని నేను చెప్పను. పదడుగుల చదరం, ఆరంగుళాల మందం ఉన్న పలక మూడున్నర టన్నులు తూగుతుంది. క్రేన్ తిరగని సందులో ఆ పని కాదు. ఒక్క ఇల్లు కట్టుకునేవారికి రవాణా, క్రేన్ అద్దె కలిపితే ఖర్చు మామూలు స్లాబు కంటే పెరగొచ్చు. అన్నిటికంటే పెద్ద విషయం అతుకులు. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో 18వ అంతస్తులో గ్యాస్ పేలింది. ఒక గోడ పలక ఊడిపోవడంతో ఆ మూల మూలంతా పైనుంచి కిందిదాకా కూలింది. నలుగురు చనిపోయారు. పలకలు బలంగా ఉంటే చాలదు, వాటిని కలిపే కమ్మీలు, సందుల్లో నింపే సిమెంటు ముద్ద (గ్రౌటు) కూడా బలంగా ఉండాలని ప్రపంచమంతా నేర్చుకున్నది అక్కడే. అందుకే మన దగ్గర ప్రీకాస్ట్ టెండర్లు పిలిస్తే, అతుకులు నింపే రోజు ఇంజనీరు అక్కడ నిలబడాలని, రంగులు వేయకముందే ప్రతి అతుకు మీద నీళ్లు కొట్టి చూడాలని ఒప్పందంలోనే రాయాలి.

బేల్దార్ల పని పోతుందేమోనన్న భయమూ ఉంది. అది తీసిపారేయాల్సిన భయం కాదు. కానీ ఇప్పుడు మాత్రం వాళ్లకు ఇక్కడ పని ఎక్కడుంది? అనంతపురం నుంచి బెంగళూరుకు, కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, బస్సులకు బస్సులు కదులుతూనే ఉన్నాయి. ఫ్యాక్టరీలో అచ్చు బిగించేవాడు, కమ్మీ కట్టేవాడు, పలకను మట్టం చూసి నిలబెట్టేవాడు కావాలి. ఏడాది పొడవునా నీడపట్టున పని ఉంటుంది. ఆ పని మన బేల్దార్లకే నేర్పి, వాళ్లకే ఇస్తామని మాట తీసుకోవాలి.

ఫ్యాక్టరీ పెట్టడానికి చోటు కూడా వెతకనక్కర్లేదు. తాడిపత్రి నుంచి ఎర్రగుంట్ల దాకా సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, రైలు మార్గం ఉన్నాయి. మధ్యలో ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిద ఉంది. సిమెంటు ఇక్కడి నుంచి దూరాలకు వెళుతోంది. కొంత ఇక్కడే పలకలుగా మారితే మనకే లాభం.

మొదలుపెట్టాల్సింది సొంతిళ్లతో కాదు, బడులతో. ఒకే కొలత గదులు వందల సంఖ్యలో కావాలి కాబట్టి ఒక్క అచ్చు ఎన్నోసార్లు పనికొస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. పాత గది పడగొట్టి కొత్తది కట్టాలంటే బడి ఖాళీగా ఉండేది వేసవి సెలవుల్లోనే. అంటే పిల్లలు కూర్చునే గదికి స్లాబు పడేది ఏప్రిల్, మే నెలల్లో. కాపలా ఉండి తడిపేవాళ్లు లేని చోట, బోరు ఎండిపోయిన చోట. అదే పలకలను డిసెంబరు, జనవరిలో పోసి, బాగా నానబెట్టి, పరీక్ష చేసి ఉంచితే సెలవుల్లో తెచ్చి నిలబెడితే చాలు. జూన్‌లో బడి తెరిచేసరికి, సరిగ్గా గట్టిపడిన కప్పు కింద పిల్లలు కూర్చుంటారు.